కేక్ దగ్గర అందరూ కొత్తవాళ్లే

పులుసు గురించి నలుగురు తెలుగువాళ్లు మాట్లాడుకుంటే కాసేపటికే ఊళ్లు బయటికొస్తాయి. బెల్లం వేయాల్సిందేనని గోదావరివాళ్లు, వేస్తే పాడైపోతుందని సీమవాళ్లు, పచ్చిపులుసు ముందు అవేవీ నిలవవని తెలంగాణవాళ్లు. ఎవరి అమ్మ చేసిందే వాళ్లకు అసలైనది. కేక్ గురించి మాట్లాడేటప్పుడు ఆ పేచీ ఉండదు. కుక్కర్‌లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, పిల్లల పుట్టినరోజుకు కేక్ చేసిన అమ్మలు ఉన్నారు. కానీ అది ఆ ఒక్క రోజు ముచ్చట. ఫలానా ఇంటి కేక్ ఇలాగే ఉండాలని కోడలికి చెప్పే అత్తగారు ఇంకా తయారు కాలేదు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో ఫోన్ గ్రూపుల్లో చెప్పుకునే బేకింగ్ కబుర్లను పనిలేని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లతో నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. మారతహళ్లిలో ఒకరు, కేఆర్ పురంలో ఒకరు, ఎలక్ట్రానిక్ సిటీలో ఇంకొకరు. ఒకే ఊళ్లో ఉన్నా ఆ ట్రాఫిక్‌లో కలుసుకోవడం కుదరక, ముఖాలు చూసుకోకుండానే స్నేహితులైనవాళ్లు. ఇంట్లో అడగలేని ప్రశ్నలు వీళ్లు ఇక్కడ అడుగుతారు. "పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది, ఏం చేయాలి?" అని ఒక మగవాడు సిగ్గుపడకుండా అడుగుతాడు. అతనే కూర గురించి అలా అడగాలంటే పదిసార్లు ఆలోచిస్తాడు. పెళ్లయి పదిహేనేళ్లయిన ఆవిడ, నిన్న ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్న బ్యాచిలర్ కుర్రాడు ఇక్కడ ఒకే తరగతిలో ఉన్నారు. వంటింట్లో ఇంతటి సమానత్వం మనకు ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

ఈ కబుర్లకు ఊరు కూడా కలిసొచ్చింది. ఫ్రేజర్ టౌన్‌లోని ఆల్బర్ట్ బేకరీ 1902 నుంచి ఉంది. వీవీ పురంలోని వీబీ బేకరీ 1953లో మొదలైంది. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్ల బేకరీలు పేటపేటకీ వెలిశాయి. కారంగా ఉండే ఖారా బన్, తియ్యటి కొబ్బరి నింపిన దిల్‌పసంద్, పైన జామ్, కొబ్బరి ఉన్న హనీ కేక్ ఇక్కడి పిల్లలకు జంతికలంత మామూలు. అందుకే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లు ఏడాది తిరిగేసరికి ఖారా బన్‌లో సోయికూర పడిందో లేదో చెప్పగలుగుతున్నారు.

ఇక చలికాలం బ్రెడ్ పిండి సంగతి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు రాత్రుల్లో చలి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. వీడియోలో గంటన్నరలో రెట్టింపవుతుందని చెప్పిన ముద్ద ఇక్కడ మూడు గంటలైనా కదలదు. చెన్నైలో ఉన్నవాళ్లకు అదే ముద్ద మే నెలలో ముప్పావు గంటకే గిన్నె దాటుతుంది. "ఈస్ట్ పాడైనట్టుంది, పారేయనా?" అని ఒకరు టెన్షన్‌తో అడిగితే, "వద్దు, ఓవెన్ వేయకుండా లోపల లైటు మాత్రం వేసి అందులో పెట్టు. చలికాలం నేను ఇడ్లీ పిండి అలాగే పులియబెడతాను" అని ఇంకొకరు చెబుతారు. ఆ తర్వాత వేలితో నొక్కి చూడమంటారు. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి, నెమ్మదిగా సగం పూడితే ఓవెన్‌లో పెట్టొచ్చు, అసలు పూడకపోతే సమయం మించిపోయినట్టు. కేక్ మనకు కొత్తే కానీ పులియడం కొత్త కాదు. అమ్మ దగ్గర నేర్చుకున్నది ఇలా ఎవరినీ చిన్నబుచ్చకుండా ఉపయోగపడుతోంది.

ఆ పొంగే సమయమే అసలు విషయం. చేయడానికి పనేమీ ఉండదు, దాన్ని వదిలేసి బయటికి పోవడానికీ లేదు. అప్పుడే మాట అద్దె అడ్వాన్స్ మీదకో, పిల్లల స్కూల్ ఫీజు మీదకో, పనమ్మాయి మానేయడం మీదకో పోతుంది. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజుల్లో, గిన్నెలు తక్కువ పడే కేక్ ఏదన్నదే పెద్ద చర్చ. వారాంతంలో కరెంటు పోతే ఇంకో కష్టం. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటర్ మీద లైట్లు, ఫ్యాన్లే నడుస్తాయి, ఓటీజీ నడవదు. సగం ఉడికిన కేక్‌ను మూకుడులో స్టాండ్ పెట్టి, మూత వేసి, సన్నని సెగ మీద గట్టెక్కించే ఉపాయం అలాంటి పూటే నలుగురికీ తెలిసింది.

ఒకసారి ఒక కుర్రాడు "అక్కా, పోయినవారం చెప్పిన బన్స్ ఎలా వచ్చాయి?" అని అడిగాడు. "చేయలేదురా, కర్నూలు వెళ్లాను. నాన్నకు పక్షవాతం వచ్చింది" అని జవాబొచ్చింది. ఆవిడ అప్పటిదాకా అక్కడ ఎవరికీ చెప్పలేదు. "ఎలా ఉన్నారు?" అని అడిగి ఉంటే "బాగున్నాం" అనే చెప్పేది, మనమంతా అలాగే చెబుతాం. బన్స్ గురించి అడిగారు కాబట్టి నిజం చెప్పింది. సాయంత్రానికల్లా ఫిజియోథెరపీ ఎవరి దగ్గర చేయించాలి, ఇంట్లో బాత్‌రూమ్‌కు పట్టుకునే రాడ్ ఎక్కడ బిగించాలి అన్న వివరాలు నలుగురి దగ్గర్నుంచి ఆవిడకు చేరాయి. కాలక్షేపం అని తీసిపారేసేవాళ్లు లెక్కలోకి తీసుకోనిది ఇదే.

ఈ కబుర్లను పాడుచేసేది ఒకటి మాత్రం ఉంది, అమ్మకం. ఇంట్లో కేకులు చేసి అమ్ముకోవడం తప్పని నేననను. ఎంతోమంది ఆడవాళ్లకు చేతిలో సొంత డబ్బు ఆడుతున్నది దానివల్లే. చిన్న అమ్మకందార్లు కూడా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోవాలి. కానీ ఆర్డర్లు తీసుకోవడం మొదలైన చోట మాట తీరు మారిపోతుంది. నేర్పేవాళ్లు కొలతలు దాచుకుంటారు. అడిగేవాళ్లు కస్టమర్లయిపోతారు. మాడిన కేక్ ఫొటో పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. 2024లో కర్ణాటక ఆహార భద్రతా విభాగం బేకరీ కేకుల నమూనాలు పరీక్షించి, కొన్నిటిలో ప్రమాదకరమైన కృత్రిమ రంగులున్నాయని హెచ్చరించింది. ఆ వార్త వచ్చిన వారం "మీరు ఏ రంగు వాడతారు?" అన్న ప్రశ్న స్నేహితుల మధ్య మామూలు ప్రశ్నే, అందరూ డబ్బాలు తిప్పి లేబుళ్లు చదివి చెప్పారు. అదే ప్రశ్న అమ్మేవాళ్లను అడిగితే నింద వేసినట్టవుతుంది. అడగకుండా ఊరుకుంటే నష్టం మనకే.

కాబట్టి ఆర్డర్లకు వేరే గ్రూపు పెట్టుకోవాలి, శనివారం కబుర్లలోకి రేట్లు రాకూడదు. నేనున్న చోట కొంత మాటామాటా అయ్యాకే అయినా ఈ ఏర్పాటు కుదిరింది. అమ్మేవాళ్లు కోపగించుకుని వెళ్లిపోతారని భయపడ్డాం కానీ వాళ్లే ఇప్పుడు ఎక్కువ మాట్లాడుతున్నారు, అదీ అమ్మకానికి పనికిరాని ప్రయోగాల గురించి. ఇప్పుడు నడుస్తున్నది రాగి బ్రెడ్. రాగిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఎక్కువ కలిపితే ముద్ద నిలబడదు, తక్కువ కలిపితే రాగి రుచి తెలియదు. మూడో వంతు కలపొచ్చని అనంతపురం ఆవిడ పట్టు, పావు వంతు దాటితే ఇటుక అవుతుందని విశాఖ కుర్రాడి వాదన. వచ్చే శనివారం ఇద్దరూ చెరొకటి చేసి, కోసిన ముక్కల ఫొటోలు పెడతామన్నారు.