పసుపు గడుల తండ్రులు

బిడ్డ నెలలో ఎన్ని రాత్రులు తండ్రి ఇంట్లో పడుకుందో గడులు గీసి లెక్కకట్టిన పట్టిక ఒకటి మా ముందుంది. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసుకుంటూ ఏడేళ్ల కూతురిని పెంచుకుంటున్న ఒక తెలుగు మహిళ తెచ్చి చూపించారు. నెలకు ఎనిమిది గడులకు పసుపు రంగు వేసి, ఆ మేరకు బిడ్డకిచ్చే భరణం తగ్గించాలని విడిగా ఉంటున్న తండ్రి పక్షం కోరుతోంది. దసరా సెలవులనూ వదల్లేదు.

తండ్రి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి, కాదనం. బిడ్డ ముఖం చూపించకుండా తండ్రులను తిప్పే తల్లులూ ఉన్నారు. అంతమాత్రాన బిడ్డ నిద్రకు ధర కడతారా?

బ్రిటన్‌లో ఈ లెక్క ఉందట అంటారు. ఉంది. బిడ్డ ఏడాదికి 52 రాత్రులు తన దగ్గరుంటే చెల్లించేవారికి ఏడో వంతు తగ్గుతుంది. కానీ ఎగవేస్తే జీతంలోంచే కోసి ఇచ్చే ప్రభుత్వ యంత్రాంగం కూడా అక్కడే ఉంది. ఆ కోత మనవారికి అక్కరలేదు, తగ్గింపు మాత్రం కావాలి!

మన చట్టంలో రాత్రుల సూత్రమే లేదు. కర్ణాటక హైకోర్టు 2013లో ఒక బాలుడిని ఆర్నెల్లు తండ్రి దగ్గర, ఆర్నెల్లు తల్లి దగ్గర ఉంచమన్నప్పుడు చదువు ఖర్చు చెరిసగం భరించమంది. సగం ఏడాది మోసే తండ్రికి సగం ఖర్చు, సరే. శని, ఆదివారాల తండ్రికి ఏ లెక్కన తగ్గించాలి? కూతురు ఎనిమిది రాత్రులు లేదని ఇంటి యజమాని అద్దె తగ్గించడు, బడి బస్సు రుసుమూ తగ్గదు. ఇలాంటి పట్టిక ఒక్కసారి చెల్లిందంటే నగరంలోని ప్రతి భరణం కేసుకూ ఓ పట్టిక తోడవుతుంది. నాన్న దగ్గర గడిపే ప్రతి రాత్రీ అమ్మకు నష్టమైతే, రేపు ఏ తల్లి బిడ్డను మనస్ఫూర్తిగా పంపుతుంది?

ఆస్తులు, ఆదాయాలు ఇద్దరూ ప్రమాణపత్రంలో బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులోనే చెప్పింది. జీతం కాగితం అడిగితే మూడు వాయిదాలు కోరే పెద్దమనుషులు, రాత్రుల పట్టికను మాత్రం మొదటి వాయిదాకే తెస్తారు. ఆదివారం రాత్రి తొమ్మిదికి గేటు దగ్గర దింపిన బిడ్డ సంచిలో ఉతకని యూనిఫారం, చేయని హోంవర్కు ఉంటాయి. వాటికీ ఒక గడి గీయండి, అయ్యలారా.