బెయిలుకు పదికి ఎన్ని మార్కులు?

మన హన్మకొండ కోర్టుకు అర్జెంటుగ ఒక ఏఐ కావాలె, సీరియస్‌గనే అంటున్న. బెయిల్ పిటిషన్ ఏస్తే వాయిదా మీద వాయిదా, అమెరికాల గీ లొల్లి లేదు, అక్కడ కంపాస్ అని ఒక సాఫ్ట్‌వేర్, 137 ప్రశ్నలకు జవాబులు నింపితే ఒకటి నుంచి పది దాక మార్కులేస్తది, ఎక్కువొచ్చినయంటే వీడు మల్ల నేరం చేస్తడని లెక్క.

ప్రశ్నలు చూస్తే మనోళ్లే రాసిన్రా అనిపించింది. మీ అమ్మానాయినల ఎవలన్న జైలుకు పోయిన్రా, బడిల ఎన్నిసార్లు కొట్లాడినవ్, దోస్తులు ఎంతమంది అరెస్టయిన్రు, పిల్లనిచ్చే ముందు మేనమామ చేసే ఎంక్వైరీయే గదా ఇది. గా దోస్తుల ప్రశ్న దగ్గరనే నాకు చిన్న డౌటు. ఉద్యమం టైంల కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ల ఏ పోరన్ని అడిగినా దోస్తులంత అరెస్టయినోళ్లే, రైల్‌రోకో అని కాజీపేట పట్టాల మీద కూసున్నోనికి పదికి పది గ్యారంటీ. అందుల కొంతమంది తర్వాత పెద్ద లీడర్లయిన్రు, అసొంటోళ్లకు సెట్టింగ్స్‌ల ఒక మినహాయింపు బటన్ పెట్టిస్తే సరిపోతది.

గీ కంపాస్ జాతి అడగదు, పక్షపాతం ఉండదు అంటరు. 2016ల ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఫ్లోరిడాల బ్రోవార్డ్ కౌంటీ లెక్కలు తీస్తే, తర్వాత ఏ నేరం చెయ్యని నల్లజాతోళ్లల వందకు 45 మందిని కంపాస్ డేంజర్ అని రాసిందట, తెల్లోళ్లల 23 మందినే. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏమో మా లెక్క కరెక్టే అన్నది. మన దగ్గర కూడ కులం కాలమ్ అక్కర్లేదు, ఇంటిపేరు, వాడ పేరు ఇస్తే చాలు, మిగిలింది అదే అర్థం చేసుకుంటది.

విస్కాన్సిన్‌ల ఆరేండ్ల శిక్ష పడ్డ ఒకాయన, నా మార్కులు ఎట్ల ఏసిన్రో చూపియ్యిన్రి అంటే అది కంపెనీ సీక్రెట్ అన్నరు, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు గూడ 2016ల జర జాగ్రత్తలు చెప్పి వాడుకోన్రి అన్నది. మనమే నయం, 2019ల మంచిర్యాల అమ్మాయికి ఇంటర్ తెలుగుల 99 వస్తే మెమోల సున్నా పడ్డది, కనీసం పేపర్ మల్ల తీసి చూసిన్రు.

కేరళ హైకోర్టేమో 2025 జులైల కింది కోర్టులకు తీర్పులు ఏఐతోని రాయొద్దని చెప్పేసింది, అభివృద్ధి అంటే పడదు వాళ్లకు. మనం ఆగొద్దు. ఒక్కటే ఇబ్బంది, దవాఖాన కోసమని వరంగల్ సెంట్రల్ జైలును 2021లనే కూలగొట్టిన్రు, పదికి పది వచ్చినోన్ని చర్లపల్లి దాక తోలుకపోవాలె. మార్కులు మెషిన్ ఏస్తది గని ఎస్కార్ట్‌కు కానిస్టేబులే కావాలె, వాయిదా రోజు ఆయనే దొరుకుతలేడు.