పొలాలు ప్లాట్లయితే నష్టం లేదా? తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. పంపేవాళ్లు చదువుకున్నవాళ్లే, కొందరు పొలం ఉన్నవాళ్లే. దాని సారాంశం ఇది. దేశంలో సాగుభూమి కోట్ల హెక్టార్లు ఉంది, ఇళ్లకు పోయేది చిటికెడు. గోదాముల్లో బియ్యం పెట్టడానికి చోటు లేదు. ఇక్కడ పొలం పోతే ఇంకోచోట పండించుకోవచ్చు. జనానికి ఇళ్లు కావాలి. అన్నిటికీ మించి రైతు భూమి రైతు ఇష్టం. ఎకరం సాగుచేసి అప్పులపాలయ్యే బదులు వెంచర్‌కి ఇచ్చి బాగుపడితే మనకెందుకు బాధ?

ఇందులో ఒక మాట మాత్రం పూర్తిగా నిజం. వరి వేసిన రైతుకు మిగిలేది చాలా తక్కువ. జనం మిగతా మాటలు కూడా నమ్మేది ఆ నిజం వల్లనే. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు ఆ చిటికెడు సంగతి. దేశంలో నికరంగా సాగయ్యే భూమి సుమారు 14 కోట్ల హెక్టార్లు. 1970ల నుంచీ ఆ అంకె పెద్దగా కదల్లేదు. 1971లో జనాభా 55 కోట్లకు కాస్త తక్కువ, ఇప్పుడు 140 కోట్లు దాటింది. ఉన్న భూమిలో దాదాపు సగం వాన కురిస్తేనే పండేది. ప్లాట్లకు ముందుగా పోతున్నది ఆ మెట్ట కాదు. మన పట్నాలు పుట్టిందే నీళ్లున్న చోట. రాజమండ్రి, భీమవరం, తెనాలి, విజయవాడ పెరిగేకొద్దీ కాలువ కింద మాగాణి ముందు పోతుంది. ప్రపంచమంతా ఇదే వరస. 2030 నాటికి నగరాల కిందికి వెళ్లబోయే సాగుభూమి ప్రపంచ సగటు కంటే 1.77 రెట్లు ఎక్కువ పండే భూమి అని 2017లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఎన్ని ఎకరాలు పోయాయని మాత్రమే అడిగితే చాలదు, ఏ ఎకరాలు పోయాయో కూడా అడగాలి.

మన డెల్టాలో ఒక ఎకరాన్నే తీసుకోండి. సార్వా, దాళ్వా రెండు వరి పంటలూ కలిపి 75 కిలోల బస్తాలు 60 వేసుకుందాం. అంటే 45 క్వింటాళ్ల ధాన్యం. మర పట్టిస్తే 30 క్వింటాళ్ల బియ్యం వస్తుంది. రేషన్‌లో మనిషికి నెలకు ఇచ్చేది 5 కిలోలు, ఏడాదికి 60. ఆ లెక్కన ఒక్క ఎకరం 50 మందికి ఏడాది పొడుగునా రేషన్ బియ్యం ఇస్తుంది. పదెకరాల వెంచర్ అంటే 500 మంది బియ్యం. ఒక ఏడాదికి కాదు, ఇకమీదట ప్రతి ఏడాదీ.

గోదాములు నిండి ఉన్నాయనేది కూడా సగం మాటే. 2022 మేలో గోధుమల ఎగుమతి ఆపింది, 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది ఈ దేశమే. ఒక్క ఏడాది ఎండలు ముదిరినా, వానలు తడబడినా మనకు టెన్షన్ మొదలవుతుంది. పైగా మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే కొనుక్కుంటున్నాం. పప్పులూ దిగుమతి చేసుకుంటున్నాం. బియ్యం ఎక్కువైతే అదే పొలంలో మినుములో పెసలో వేయించాలి. రాళ్లు పాతిన నేలలో ఏదీ వేయలేం.

ఇక పొలం పోతే ఇంకోచోట పండించుకోవచ్చనే మాట. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. డెల్టా పొలం అంటే ఒట్టి మట్టి కాదు. ఆ నల్లరేగడి, ఒండ్రు వేల ఏళ్ల వరదల్లో పేరుకున్నవి. దాని మీద 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. అంతకుముందు, 1833 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆ ఆనకట్టల కింద తవ్విన కాలువలే ఇవాళ గోదావరి డెల్టాలో 10 లక్షల ఎకరాలకు, కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాలకు నీళ్లిస్తున్నాయి. మోటార్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, వాలు మీద నీరు దానంతటదే నడిచి వస్తుంది. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, బాపట్ల ఇచ్చిన సాంబ మసూరి ఈ నేలలోంచి వచ్చిన వంగడాలే. వీటన్నిటినీ మూటగట్టుకుని ఏ మెట్ట ప్రాంతానికి తీసుకెళ్తాం? అక్కడ ఎకరానికి నీళ్లివ్వాలంటే ఎత్తిపోతలు కావాలి, ఏటా కరెంటు ఖర్చు కావాలి.

ఇంకొకటి, వెంచర్ వేసిన పొలం ఒక్కటే పోదు. మా బాబాయిది కాలువ చివర ఉండే శివారు పొలం. కాలువ తూము నుంచి బోదెకు, అంటే పిల్లకాలువకు, బోదె నుంచి చేనుకు, ఆ చేను మీంచి కింది చేనుకు నీరు పారాలి. కొన్నేళ్ల కిందట పైన ఎనిమిదెకరాల్లో వెంచర్ పడింది. గ్రావెల్ తోలి మూడడుగులు మెరక చేశారు. బోదె పూడిపోయింది. గొడవ చేస్తే దాని బదులు ఒక సిమెంటు పైపు వేశారు. అది ఇరుకు, మొదటి వానకే పూడుకుపోయింది. ఊడ్పుల టైముకు కింది పొలాలకు నీరు రాదు, అక్టోబర్ వానలకు మెరక మీద నీరంతా కింది పొలాల్లోకే దిగుతుంది. మురుగు పోయే దారి కూడా వెంచర్ గోడ అవతలే ఉంది. రెండేళ్లు వరస నష్టం చూశాక కింది రైతుల్లో ఇద్దరు తమ పొలం కూడా అమ్మకానికి పెట్టారు. దీన్ని రైతు ఇష్టం అని నేను అనలేను.

వరిచేనుకు ఇంకో పని కూడా ఉంది. గట్ల మధ్య పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే ఎకరంలో 4 లక్షల లీటర్లు ఆగినట్టు. మెరక చేసి సిమెంటు రోడ్డు వేస్తే ఆ నీరు ఆగదు, పక్కవాడి మీదికి పోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండటం అందరం చూశాం. గండ్లు పడటం ఒక కారణం. నీరు విస్తరించాల్సిన పల్లంలో కాలనీలు లేచి ఉండటం ఇంకో కారణం.

జనానికి ఇళ్లు కావాలనేది కాదనలేని మాట. ఎవరికి కావాలి? కేంద్రం వేసిన సాంకేతిక బృందం 2012లో పట్టణాల్లో ఇళ్ల కొరత సుమారు 1.88 కోట్లని తేల్చింది. అందులో 95 శాతం పేదవాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లు. దానికి ఏడాది ముందు 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా కనిపించాయి. కొరత ఉన్నవాళ్లు ఈ వెంచర్లలో గజాల లెక్కన కొనగలిగేవాళ్లు కారు. కొనేవాళ్లలో చాలామందికి అది పిల్ల పెళ్లికో, పెట్టుబడికో. మా వైపు రోడ్డు మీద వెళ్తుంటే కనిపించే లేఅవుట్లలో పసుపు రంగు రాళ్లు, ఒక ఆర్చీ, మనిషెత్తు పిచ్చితుమ్మ. ఇళ్లు రెండో మూడో. పంటా లేదు, ఇల్లూ లేదు. 2020లో తెలంగాణలో అనధికార ప్లాట్లను క్రమబద్ధం చేస్తామంటే వచ్చిన దరఖాస్తులు సుమారు 25 లక్షలు.

ఇప్పుడు రైతు సంగతి. సేద్యం గిట్టక అమ్ముకునే రైతును నేను ఒక్క మాట కూడా అనను. వ్యవసాయ గణన ప్రకారం 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు, 2015-16కి 1.08కి పడిపోయింది. అంత చిన్న చెక్క మీద కుటుంబం నడవడం కష్టం. కానీ ఈ మెసేజ్ చెప్పే రైతు ఎవరు? డెల్టాలో పొలం పట్టా ఒకరి పేరున, నాగలి ఇంకొకరి చేతిలో ఉంటుంది. పట్టాదారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. చేసేది కౌలు రైతు. పండిన దాంట్లో సగం దాకా మక్తాకే, అంటే కౌలుకే, కొలిచిచ్చే చోట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు కార్డు రావాలన్నా యజమాని ఒప్పుకోవాలి. పొలం వెంచర్‌కి పోయిన రోజున డబ్బు పట్టాదారుకు వెళ్తుంది. ఎకరాల లెక్కన కొని గజాల లెక్కన అమ్మినవాళ్లకు అంతకంటే ఎక్కువ వెళ్తుంది. ఇరవై ఏళ్లు ఆ చేను దున్నినవాడికి, ఊడ్పుల కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఏమీ రాదు. గిట్టుబాటు ధర, మాగాణిని మాగాణిగా ఉంచినందుకు ఎకరానికి ఇంత అని ఏటా సాయం, కౌలుదారుకు నేరుగా అప్పు ఇస్తే అమ్మకుండా నిలబడే రైతులు చాలామంది ఉన్నారు. ఆ మెసేజ్ పంపేవాళ్లు వీటిలో ఒక్కదాన్నీ అడగరు.

చట్టం ఒప్పుకుంటోంది కదా అని కూడా కొందరు అంటున్నారు. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని చిట్టచివరి మార్గంగా తప్ప తీసుకోకూడదంటుంది. అది ప్రభుత్వం సేకరించే భూమికే. ప్రైవేటుగా కొని ప్లాట్లు చేస్తే వర్తించదు. సాగుభూమిని వేరే అవసరాలకు మార్చుకోవడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన నాలా చట్టం ఫీజు ఎంతో చెప్పింది కానీ ఆ భూమి ఏడాదికి ఎన్ని పంటలు పండుతుందో అడగలేదు. కేరళ 2008లోనే వరిపొలాల రక్షణకు చట్టం చేసింది. సొంత ఇల్లు లేని రైతు పంచాయతీలో 10 సెంట్ల వరకు, పట్నంలో 5 సెంట్ల వరకు ఇల్లు కట్టుకోవచ్చు, దానికి కూడా రైతులున్న స్థానిక కమిటీ సిఫారసు చేయాలి. ఇళ్లు వద్దనలేదు, వెంచర్లు వద్దంది.

మన దగ్గర అంత పెద్ద చట్టం వచ్చేదాకా కనీసం ఒకటి చేయొచ్చు. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే ముందు ఆ సర్వే నంబర్లోంచి ఏ బోదె వెళ్తోంది, దాని కింద ఎన్ని ఎకరాలున్నాయి, వాటిని సాగుచేస్తున్నది ఎవరు అనేవి గ్రామసభలో చదివి వినిపించాలి. మా ఊళ్లో ఆ పని జరిగి ఉంటే, అంత ఇరుకు పైపులోంచి నీళ్లు రావని అప్పుడే ఎవరో ఒకరు లేచి చెప్పేవారు.