బాణాలు గీయడం వచ్చింది, మరి నీటి చక్రం అర్థమైందా?

నీటి చక్రం బొమ్మ వేయమంటే పిల్లలు చకచకా వేసేస్తారు. సముద్రం, సూర్యుడు, మబ్బు, కొండ, నది, మధ్యలో బాణాలు. బాష్పీభవనం (నీరు ఆవిరవడం), సాంద్రీకరణం (ఆవిరి మళ్లీ నీరవడం), అవపాతం (వాన, మంచుగా కురవడం) అని పేర్లూ తప్పు లేకుండా రాస్తారు. అదే పిల్లల ముందు ఐసు వేసిన గ్లాసు పెట్టి, బయట పట్టిన నీళ్లు ఎక్కడివని అడగండి. "లోపలి నుంచి కారాయి" అనేవాళ్లు ఎంతోమంది. బొమ్మకు పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. గాలిలో కంటికి కనపడని నీరు ఉంటుందన్న మాట వాళ్లకు ఇంకా నమ్మకంగా లోపలికి దిగలేదు.

అందుకే పాఠాన్ని ప్రయోగాలతో చెప్పాలంటున్నాం. మంచిదే. కానీ ఏం చేయిస్తున్నామో ఆలోచించకపోతే ఆ ప్రయోగం కూడా గోడ మీద ఇంకో చార్టులా మిగిలిపోతుంది. బాగా వాడుకలో ఉన్న జిప్ కవరు ప్రయోగమే చూడండి. కవరు మీద మార్కర్‌తో సూర్యుణ్ణి, మబ్బును గీసి, అడుగున నీలం రంగు నీళ్లు పోసి, ఎండ తగిలే కిటికీకి అంటిస్తారు. కొన్ని గంటల్లో లోపల చుక్కలు పడతాయి. పిల్లలు ముచ్చటపడతారు, ఫొటో తీస్తారు, అక్కడితో సరి. నిజానికి అందులో అసలు పాఠం ఆ నీలం రంగులోనే ఉంది. అడుగున నీళ్లు నీలంగా ఉన్నా పైన పట్టిన చుక్కలకు రంగు ఉండదు. నీరు లేచి వెళ్లింది, రంగు కిందే ఉండిపోయింది. ఉప్పు సముద్రం నుంచి మంచినీటి వాన ఎలా కురుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? రంగును అందం కోసం వేసి, ఆ ప్రశ్న మాత్రం అడగకుండా వదిలేస్తున్నాం.

నన్నడిగితే పాఠాన్ని ఐసు గ్లాసుతో మొదలుపెట్టడం మేలు. ముందు ప్రతి ఒక్కరూ తమ జవాబు కాగితం మీద రాయాలి. లోపలి నుంచి కారాయని రాసినవాళ్లను తప్పని అనొద్దు. "అయితే గ్లాసులో ఎర్ర రంగు కలుపుదాం, బయటి చుక్కలు ఏ రంగులో ఉండాలి?" అని అడిగితే చాలు. ఎర్రగా ఉండాలని వాళ్లే అంటారు. తీరా తెల్ల కాగితంతో తుడిస్తే ఎరుపు అంటదు. పైనుంచి పొర్లి ఉంటాయని ఎవరో ఒకరు అంటారు. సరే, మూత పెడదాం. అయినా చెమ్మ పడుతుంది. అదే గ్లాసును డిజిటల్ త్రాసు మీద ఉంచితే బరువు మెల్లగా పెరగడం కనిపిస్తుంది. లోపలి నీళ్లే బయటికి వస్తే బరువు పెరగకూడదు కదా! ఇక గ్లాసు చుట్టూ ఉన్నది గాలి ఒక్కటే. పొడి వాతావరణంలో చెమ్మ సరిగా పట్టకపోతే టెన్షన్ పడక్కర్లేదు, ఈరోజు ఎందుకు పట్టలేదన్నది ఇంకా మంచి ప్రశ్న.

పిల్లల ఊహలు మొండివి. 1983లో న్యూజిలాండ్ పరిశోధకులు ఆస్బర్న్, కాస్‌గ్రోవ్ ఎనిమిది నుంచి పదిహేడేళ్ల పిల్లలను మరిగే నీళ్లలో బుడగలు ఏమిటని అడిగారు. గాలి అని, వేడి అని, హైడ్రోజన్, ఆక్సిజన్ అని చెప్పినవాళ్లు పై తరగతుల్లోనూ ఉన్నారు. ఆ బుడగల్లో ఉండేది నీటి ఆవిరే.

పెద్దలకూ ఇది అంత తేలిగ్గా తెలియలేదు. నదులు నిండడానికి వాన నీళ్లు చాలవని యూరప్‌లో పండితులు శతాబ్దాల పాటు నమ్మారు. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ పెరో అక్కడి వానను, సీన్ నది ఎగువన పారే నీటిని లెక్కగట్టి, నదికి కావలసిన దానికి సుమారు ఆరింతలు వాన కురుస్తోందని 1674లో చూపించాడు. తోకచుక్కతో పేరు పొందిన ఎడ్మండ్ హేలీ ఒక పళ్లెంలో ఉప్పునీళ్లు వెచ్చబెట్టి, రెండు గంటల్లో ఎంత బరువు తగ్గిందో తూచి, మధ్యధరా సముద్రం నుంచి రోజుకు ఎంత నీరు ఆవిరవుతుందో అంచనా వేశాడు. 1687లో అచ్చయిన ఆ ప్రయోగానికి పళ్లెం, త్రాసు ఉంటే చాలు. ఏ బడిలోనైనా చేయించొచ్చు.

ఇక బొమ్మలో ఉన్న గుండ్రటి దారి. నీరు అలా వరుసగా తిరగదు. గాలిలోకి చేరిన నీరు సగటున తొమ్మిది, పది రోజుల్లో కిందికి వచ్చేస్తుంది, సముద్రంలో అయితే సగటున వేల ఏళ్లు ఉండిపోతుంది. దీనికి పాచికల ఆట బాగుంటుంది. గదిలో సముద్రం, మబ్బు, మంచు, నేల, చెట్టు అని చోట్లు పెట్టి, పిల్లల్లో ప్రతి ఒక్కరూ తామొక నీటి బొట్టు అనుకుని, పాచిక చెప్పిన చోటికి కదలాలి. సముద్రం దగ్గరి పాచికకు మాత్రం ఎక్కువ ముఖాల మీద "ఇక్కడే ఉండు" అని రాయాలి. సముద్రం దగ్గర కొందరు ఎంతకీ కదలరు, చూస్తుండగానే అక్కడ గుంపు చేరుతుంది. విసుగొచ్చినవాళ్లు ఎందుకిలా అని అడుగుతారు. అప్పుడు చెప్పాలి పాఠం.

ఆ బొమ్మలో మనుషులు కూడా ఉండరు. 2019లో పరిశోధకులు వివిధ దేశాల నుంచి 464 నీటి చక్రం బొమ్మలు పరిశీలిస్తే, మనుషుల ప్రమేయం చూపినవి 15 శాతమే. బోరు, డ్యామ్, సాగునీరు, సిమెంటు నేల ఏవీ లేని చక్రాన్ని పిల్లలకు చూపిస్తున్నామన్నమాట. ఒక ట్రేలో గడ్డి ఉన్న మట్టి, ఇంకోదానిలో సిమెంటు పలక పెట్టి, రెండింటి మీదా సమానంగా నీళ్లు చల్లి, ఎంత పారిందో కొలిపిస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

సిలబస్ పూర్తి కావాలి, దీనికంతా టైమ్ ఎక్కడిదని టీచర్లు అడుగుతారు. వాళ్ల ఇబ్బంది నిజమే. పరీక్షలో "పటం గీసి భాగాలు గుర్తించుము" అనే అడుగుతున్నంత కాలం తరగతి గదిలో ఆ పటమే నడుస్తుంది. కాబట్టి మార్పు ప్రశ్నపత్రంలో మొదలవ్వాలి. ఆ ఒక్క ప్రశ్న తీసేసి దీన్ని పెట్టి చూడొచ్చు: తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఆరేసిన తడి బట్ట మర్నాటికి పొడిబారింది. ఆ నీరు ఇప్పుడు ఎక్కడుంది? నీ జవాబును ఎలా రుజువు చేస్తావు?