800 రియాళ్ల సైకిలు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు, అరబ్బులు ఎక్కువగా ఉండే ఆ ఊరికి, ఇక్కడి తెలుగువాళ్లం వెళ్లేది ముఖ్యంగా తిండికే. వారెన్ అవెన్యూలో వేడి రొట్టెలు, కునాఫా అనే అరబ్బు మిఠాయి, దసరా వస్తే మేకమాంసం. అరగంట కారు నడిపి ఆ దుకాణాల్లో ఓపిగ్గా నిలబడతాం. అదే ఊళ్లో 2005 నుంచి అరబ్ అమెరికన్ జాతీయ మ్యూజియం ఉంది. దాని గడప తొక్కినవాళ్లు మనలో ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొన్న మా తెలుగు సంఘం సినిమా రాత్రికి ‘వజ్దా’ అనే సౌదీ సినిమా వేద్దామని నేను అంటే, "వాళ్ల గొడవలు మనకెందుకండీ, పిల్లలు జడుసుకుంటారు" అన్నారు ఒక పెద్దాయన. ఆ సినిమాలో ఉన్నదల్లా సైకిలు కొనుక్కోవాలని తపించే ఒక పదేళ్ల పాప.

ఆయన్ని తప్పుపట్టను. మన తెరమీద ముస్లిం పాత్రకు రెండు వేషాలే ఎక్కువ. ఒకడు బాంబు పెడతాడు. ఇంకొకడు కథానాయకుడి ప్రాణస్నేహితుడు. తలమీద టోపీ, నోట నాలుగు ఉర్దూ ముక్కలు, ఆఖరికి స్నేహితుడి కోసం తూటాకు ఎదురెళ్తాడు. రెండోవాణ్ణి చూసి "ఎంత బాగా చూపించారో" అని మనం తృప్తిపడతాం. నాకు మొదటివాడి కంటే రెండోవాడితోనే పేచీ. చచ్చిపోవడం తప్ప వాడికి కథలో సొంత పని లేదు. వాడింట్లో ఏం వండుకున్నారో, చెల్లెలు ఏం చదువుతోందో ఎవరికీ పట్టదు. హాలీవుడ్ కూడా తక్కువ తినలేదు. జాక్ షాహీన్ అనే ఆచార్యుడు 900కు పైగా సినిమాలు పరిశీలించి 2001లో పుస్తకం వేశారు. అరబ్బును మామూలు మనిషిగా చూపినవి అందులో అతి కొద్ది.

సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 2012లో తీసిన ‘వజ్దా’ నాకు నచ్చింది అందుకే. పూర్తిగా సౌదీ గడ్డ మీదే చిత్రీకరించిన మొదటి కథాచిత్రం అది. రియాద్ వీధుల్లో మగవాళ్ల మధ్య నిలబడి పనిచేయడం కుదరక, చాలాచోట్ల ఆమె వ్యానులో కూర్చుని వాకీటాకీలో చెబుతూ తీశారు. తీసిన దేశంలో ఆడించడానికి అప్పటికి సినిమాహాళ్లు లేవు. అవి తెరుచుకున్నది 2018లో. ఇన్ని పాట్లు పడిన మనిషి వాటినే ఏకరువు పెడుతుందనుకుంటాం. పెట్టలేదు.

వజ్దా కళ్లు ఒక ఆకుపచ్చ సైకిలు మీద పడతాయి. ధర 800 రియాళ్లు. చేతి పట్టీలు అల్లి బడిలో అమ్ముతుంది. ఆ డబ్బు చాలదు. ఖురాన్ పఠన పోటీలో గెలిస్తే 1000 రియాళ్లని తెలియగానే, ఎప్పుడూ మందలింపులు తినే ఆ పిల్ల ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోతుంది. ఇంకో దర్శకుడైతే ఇక్కడ గ్రంథాన్నే ప్రతినాయకుణ్ణి చేసేవాడు. ఈమె ఆ పని చేయలేదు. తల్లి దగ్గర కూర్చుని సాధన చేస్తుంటే ఆ వాక్యాలు పిల్ల గొంతులో మెల్లగా కుదురుకుంటాయి. చిన్నప్పుడు మా తాతయ్య భాగవతం పద్యాలు వల్లె వేయించినప్పటి విసుగు, ఆనక ఎప్పుడో నాలుకకు తగిలిన రుచి రెండూ గుర్తొచ్చాయి నాకు.

మరో దృశ్యం నిమిషం కూడా ఉండదు. గోడమీద వంశవృక్షం, అన్నీ మగవాళ్ల పేర్లే. వజ్దా కాగితం ముక్క మీద తన పేరు రాసి జడపిన్నుతో దానికి తగిలిస్తుంది. తర్వాత చూస్తే ఎవరో పీకేసి ఉంటారు. నిరుడు మా ఇంటిపేరు వాళ్లు అచ్చువేయించి పంచిన వంశవృక్షంలో నా పేరుంది. మా అమ్మ పేరు లేదు.

ఇవన్నీ జగిత్యాలలోనో కడపలోనో ఉండి కొడుకును గల్ఫ్‌కు పంపిన తల్లికి చెబితే వింటుందా? పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర ఇరుక్కుని, అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా తిరిగేవాడు) అయిన కొడుకు కథ ఆమెకు తెలుసు. గల్ఫ్ ఎడారిలో పశువుల కాపరిగా చిక్కుకుపోయి పారిపోయిన ఒక వలస కూలీ కథ, 2024లో వచ్చిన మలయాళ చిత్రం ‘ఆడుజీవితం’, ఆమె వైపు నుంచి తీసినదే. అందులోని క్రూరత్వం కల్పన అని కొట్టిపారేయలేం. కానీ అదే సినిమాలో దారినపోయే ఒక అరబ్బు కారు ఆపి, మాసిపోయిన ఆ కూలీని ఎక్కించుకుని ఊళ్లో దింపుతాడు. చూసివచ్చిన నా స్నేహితుల్లో ఎవరికీ అతను గుర్తులేడు.

‘ఆడుజీవితం’లో కనిపించే ఎడారిలో కొంత భాగం జోర్డాన్‌లోని వాడీ రమ్. 1962లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కు కూడా అదే ఇసుక; అరబ్బు రాజకుమారుడు ఫైసల్ వేషం మాత్రం ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నిస్‌ది. 2014లో ‘థీబ్’ తీసిన నాజీ అబూ నువార్ అక్కడి బదూయిన్లనే, అంటే ఎడారి అరబ్బు తెగలవాళ్లనే, నటింపజేశారు. లారెన్స్ లాంటి ఇంగ్లీషు అధికారి ఇందులోనూ వస్తాడు. కథ మాత్రం అన్న వెంటపడి ఎడారిలోకి వెళ్లిన పిల్లవాడిది.

‘వజ్దా’ను నెత్తిన పెట్టుకునే నాకూ ఒకచోట ముల్లు గుచ్చుకుంది. తల్లిని ఉద్యోగానికి తీసుకెళ్లే డ్రైవరు ఇక్బాల్ వలస వచ్చినవాడు. అతను రానని మొండికేస్తే, వజ్దా స్నేహితుడైన చిన్న కుర్రాడు దేశం నుంచి పంపించేయిస్తానని బెదిరించి దారికి తెస్తాడు. హాలు నవ్వే సన్నివేశం అది. ఇక్బాల్ ఇంటికి ఫోను చేసి ఏం చెప్పుకున్నాడో ఆ సినిమాకూ పట్టలేదు. జగిత్యాల తల్లి పక్కన కూర్చుని చూస్తే నేను నవ్వగలిగేవాణ్ణి కాదు.

వచ్చే సినిమా రాత్రికి మళ్లీ ఇదే పేరు ఇచ్చాను. కార్యవర్గం ఇంకా తేల్చలేదు. ఒప్పుకుంటే, పాప్‌కార్న్ బదులు కునాఫా ఖర్చు నాది.