వీడియో ఇంట్లో, చర్చ తరగతిలో

పాఠాన్ని ముందుగా వీడియోలో చూసి, ఆన్‌లైన్ తరగతిని చర్చకే కేటాయించాలని ఆన్‌లైన్ బోధనపై ఒక వ్యాసకర్త చేసిన సూచనతో, శ్రీకాకుళంలో వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ (శరీర ధర్మశాస్త్రం) బోధిస్తున్న నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో గంటసేపు స్లైడ్లు చదివి వినిపిస్తే అవతల ఒక్క గొంతూ పలకలేదు. తర్వాత మూత్రపిండాల వడపోతపై 12 నిమిషాల వీడియోను ముందురోజే పంపి, తరగతిలో కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతపు జీడితోటల రైతు ఒకరిని ఊహించుకోమని, రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి పంపే వ్యర్థం) పెరిగినా మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవడానికి కారణమేమిటని అడిగాను. గ్లోమెరులస్ (రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల ముడి) కన్నా, వడకట్టిన ద్రవం ప్రవహించే నాళికల చుట్టూ ఉన్న కణజాలమే ముందు దెబ్బతిని ఉండాలని వాదిస్తూ నలుగురైదుగురు ఒకేసారి మైకులు ఆన్ చేశారు. అయితే మందస వైపు పల్లెలోని ఒక విద్యార్థిని సిగ్నల్ కోసం మేడెక్కి ఆ వీడియో చూడవలసి వచ్చింది. అటువంటివారికి ఆడియో, రెండు పేజీల నోట్సు ముందే అందించకుండా, చూసి రాలేదేమని మందలించడం అన్యాయం.