మరి మొగుడి ఉద్యోగం సంగతేంటి?

మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర మా అక్క కూతురు సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్ తీసుకుంటానంది. "ఫారెస్టా?" అన్నాడొకాయన. కాదు ఫారిన్ సర్వీస్, ఎప్పటికైనా రాయబారి కావాలని ఉంది అంది. మా బాబాయ్ పప్పన్నం కలుపుకుంటూనే తేల్చేశారు: "మూడేళ్లకో దేశమంటే ఆడపిల్లకి ఎలా కుదురుతుందమ్మా? మొగుడు ఉద్యోగం మానేసి వెంట తిరుగుతాడా?"

పెద్దాయన కదా అని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

ఈ మాట బాబాయ్ సొంతం కూడా కాదు. ఒకప్పుడు మన ప్రభుత్వమే దీన్ని రూల్‌గా రాసిపెట్టింది. 1961 నాటి ఫారిన్ సర్వీస్ నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక సంసారం వల్ల పని దెబ్బతింటోందని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చేయమనొచ్చు. మగ అధికారికి ఈ బెడద లేదు. తమాషా ఏంటంటే, 1947లో మాస్కోకి రాయబారిగా పంపిన విజయలక్ష్మీ పండిట్ ముగ్గురు కూతుళ్ల తల్లి. నెహ్రూ గారి చెల్లెలికి అడ్డురాని సంసారం, పరీక్ష రాసి వచ్చినవాళ్లకి అడ్డొచ్చిందన్నమాట.

అలా పరీక్ష రాసి ఫారిన్ సర్వీస్‌లోకి వచ్చిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ, కూర్గ్ మనిషి. ఇంటర్వ్యూలో యూపీఎస్సీ ఛైర్మనే ఈ సర్వీస్ వద్దని నచ్చజెప్పబోయారని ఆవిడ తర్వాత కోర్టుకి చెప్పారు. అచ్చం మా బాబాయే, కాకపోతే పప్పన్నం లేదు. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే ఆవిడ చేత రాయించుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. 1970లో హంగరీకి రాయబారి అయ్యారు, తర్వాత ఘనాకి. అంత చేసినా పై గ్రేడ్ ప్రమోషన్ దగ్గర ప్రతిభ చాలదని పక్కన పెట్టారు. పరాయి దేశాల్లో ఏ ప్రభుత్వం తరఫున మాట్లాడిందో, ఆ ప్రభుత్వం మీదే సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఎంత టెన్షన్ పడి ఉంటుందో!

కేసు నడుస్తుండగానే ప్రమోషన్ వచ్చేసింది, నెదర్లాండ్స్‌కి రాయబారిగా వేశారు. కొన్ని నెలల్లోనే ఆవిడలో ప్రతిభ కనబడింది కాబోలు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేస్తున్నాం గానీ సమస్యని కొట్టేయడం లేదన్నారు. ఆవిడ సీనియారిటీని మళ్లీ చూడమని ప్రభుత్వానికి చెప్పారు. ఇంటి బాధ్యతలు ఆడ అధికారి పనికి అడ్డొస్తాయంటే, మగ అధికారికీ రావచ్చు కదా అని అడిగారు.

మా బాబాయ్ బ్యాంకు ఉద్యోగంలో ఆరు ఊళ్లు తిరిగారు. రెండో ట్రాన్స్‌ఫర్‌కే పిన్ని టీచర్ ఉద్యోగం మానేసింది. పెళ్లిచూపుల్లో ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.